చిల్లుల మిషను టీచరమ్మ

మా టీచరమ్మ గారు పోయారన్న కబురు నాకు చెవులతో కాదు, కళ్ళతో అందింది. షెడ్డులో మిషను తిరుగుతోంది. అది తిరిగేటప్పుడు పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. పాస్టరు గారు గుమ్మంలో నిలబడి ఏదో అన్నారు. చేతిలో సెల్‌ఫోను ఉంది. మా కొండ మీద సెల్లు పలికేది చర్చి వెనక బండ మీద ఒక్కచోటే. ఆ వయసులో ఆయన బండ మీంచి ఆయాసపడుతూ వచ్చారంటే అది మంచి కబురై ఉండదు. పెదాల కేసి చూశాను. "టీచరమ్మ గారు" అన్నది తెలిసింది. తర్వాతి మాట వినాల్సిన పని లేకపోయింది, ఆయన తల దించేసుకున్నారు.

నా చేతిలో జిగురు పొడి జల్లెడ ఉంది. సగం పొడి నీళ్ళలో పడింది, సగం ఇంకా జల్లెడలోనే ఉంది. అక్కడ ఆపితే పడినదంతా పాడైపోతుంది. అందుకని ఆపలేదు. కళ్ళు తుడుచుకోకుండానే మిగిలింది కూడా జల్లాను. అలా నేర్పింది ఆమే. "ఏడుపొస్తే ఏడవే, సెయ్యి మాత్రం ఆపకు" అనేవారు.

ఆమెను గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. పొగడటం ఆమెకు నచ్చదు. బతికుంటే ఎర్ర సిరా పెన్ను తీసి సగం కొట్టేసి, "ఇందులో పని మాట ఏదే?" అని కాగితం నా మొహాన పెట్టేవారు. కాబట్టి పని మాటే ఎక్కువ రాస్తాను. మధ్యలో కాస్త పొగిడితే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఆమెది శ్రీకాకుళం వైపు సముద్రం పక్క ఊరు. మా అరకు కొండల్లోని చర్చి బడికి సైన్సు టీచరుగా వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. పెళ్ళెందుకు చేసుకోలేదని మా ఆడవాళ్ళు అడిగితే, "అడిగినోడు నచ్చలేదు, నచ్చినోడు అడగలేదు" అని నవ్వేసేవారు. క్లాసులో ఉన్నంతసేపూ పుస్తకం భాష మాట్లాడేవారు. గంట కొట్టి గుమ్మం దాటారో లేదో, "ఏటే గుంటా, అన్నం తిన్నావా, లేదా?" అనేవారు. ఆ రెండో భాష కోసమే మేము గంట ఎప్పుడు కొడతారా అని చూసేవాళ్ళం.

ఆమె సంచిలో ఎప్పుడూ మూడు వస్తువులు ఉండేవి. బైబిలు, తలనొప్పి మందు, ఒక స్టీలు చెంచా. చెంచా తినడానికి కాదు. చిక్కగా ఉన్నదేది కనబడినా ఆమె చెంచా ముంచి, పైకెత్తి, అది ఎలా జారుతుందో చూడాల్సిందే. పెళ్ళివారి పప్పు, హాస్టలు అంబలి, చివరికి చర్చి గోడకు వేసే సున్నం కూడా. ఒక పెళ్ళిలో వంటవాడికి ఒళ్ళు మండి, "సున్నంలో ముంచిన చెంచా నా పప్పులో పెట్టకండమ్మా" అని దండం పెట్టాడు. ఆమె ఏమీ అనుకోలేదు. "పదార్థానికీ నడకుంటాదిరా నాయనా. నడక సూస్తే దాని ఒంట్లో ఎలాగుందో తెలిసిపోద్ది" అని వాడికే పాఠం మొదలుపెట్టారు.

నేను పదో తరగతి తప్పాను. సైన్సులో కాదు, లెక్కల్లో. ఆ మరుసటి ఏడు నన్ను గూడెం కొత్తవీధి వైపు కొండల్లో ఇచ్చారు. కొన్నేళ్ళకు ఆడపిల్లను చంకనేసుకుని పుట్టింటికి తిరిగి వచ్చేశాను. ఎందుకు వచ్చానో చెప్పాలంటే ముందు అంబలి సంగతి చెప్పాలి.

మా కొండ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. చోడి అంబలి, అంటే రాగుల జావ, కలిపే మనిషి తనంతట తాను తెడ్డు ఆపకూడదు. ఇంట్లో పెద్ద ఆడమనిషి వచ్చి, కుండలోకి చూసి, "చాలు" అనాలి. ఆ మాట వచ్చాకే తెడ్డు తీయాలి. తీసేస్తే ఏమవుతుందని చిన్నప్పుడు అడిగితే, "కుండకి కోపం వస్తాది" అంది మా అమ్మ.

మా అత్త చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఆమెకు వంద పనులు. నన్ను కుండ ముందు కూర్చోబెట్టి మేకల దగ్గరికి పోయేది, అటునుంచి అటే పోడు దగ్గరికి పోయేది. చాలు అనడం మరిచిపోయేది. నేను తిప్పుతూనే ఉండేదాన్ని. అంబలి ఒక్కటే అయితే పోనీలే అనుకునేదాన్ని. దంచడానికీ, నీళ్ళు మోయడానికీ, అడవికి పోయి రావడానికీ, దేనికీ చాలు అన్న మాట రాలేదు. బిడ్డ పుట్టిన నెలలో కూడా రాలేదు. ఒకరోజు తెడ్డు కుండలోనే వదిలేసి, పిల్లను ఎత్తుకుని నడిచి వచ్చేశాను. కుండకు కోపం వచ్చిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం చాలా వచ్చింది.

పుట్టింట్లో మా అన్నయ్య ఒకటే మాట అన్నాడు. "టీచరమ్మ షెడ్డు నిలబడితే నువ్వూ ఉండు. అది మూతపడితే, ఆళ్ళు పిలవడానికొచ్చినపుడు మారు మాటాడకుండా ఎలిపో." అతనికీ పిల్లలున్నారు, ఇంట్లో గింజలు అంతంతమాత్రం. ఇప్పుడు అతని మీద నాకు కోపం లేదు. అప్పుడు నిండా ఉండేది.

షెడ్డు అంటే చర్చి వెనక రేకుల కప్పు. టీచరమ్మ గారు ఉద్యోగం దిగిపోయాక అక్కడ మొదలుపెట్టిన పని అది. మా వాళ్ళు కుంకుడుకాయలూ, శీకాయా, చెట్టు గాటు పెట్టి తీసిన తపసి జిగురూ సంతలో షావుకారికి పోసి వచ్చేవారు. ఆమె అది చూసి చూసి, "తలంటుకోడానికి కావలసినవన్నీ మన కొండ మీదే ఉంటే, సీసా మాత్రం ఎవుడో నింపడమేటే?" అన్నారు. తొంభైల మాట ఇది. కుంకుళ్ళూ శీకాయా ఉడకబెట్టి వడకట్టిన నీళ్ళు పల్చగా ఉంటాయి, చేతిలో పోసుకుంటే జారిపోతాయి. అందులో తపసి జిగురు కలిపితే చిక్కబడి షాంపూ అవుతుంది. మాట చెప్పడం తేలికే. ఆ జిగురు కలపడమే మా ప్రాణం మీదికి వచ్చింది.

జిగురు పొడి నీళ్ళలో పడగానే పైపైన తడిసి ముద్ద కడుతుంది. ముద్ద లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ఎంత తెడ్డు తిప్పినా ఆ ముద్దలు జారిపోతాయే తప్ప చితకవు. తెల్లగా, మెరుస్తూ, గుండ్రంగా తేలేవి. మేము వాటిని కప్పగుడ్లు అనేవాళ్ళం. ఒకసారి పట్నంలో ఎవరో ఇల్లాలు తలకు రాసుకుంటూ చేతిలో కప్పగుడ్డు చూసుకుని కేక పెట్టిందట. ఆ దుకాణం వాళ్ళు సీసాలన్నీ వెనక్కి పంపేశారు. మేము వాటితో మా తలలు రుద్దుకుంటూ ఆ వానాకాలమంతా గడిపాం. మా ఊరి ఆడవాళ్ళ జుట్టు అంత శుభ్రంగా ఇంకెప్పుడూ లేదు.

అప్పుడు వచ్చింది మిషను. పట్నంలో మూతపడిన ఒక మందుల కంపెనీలో ఆయింటుమెంట్లు కలిపిన పాత మిషను అది. టీచరమ్మ గారి పాత విద్యార్థిని ఎవరో చెబితే వెళ్ళి బేరమాడి తెచ్చారు. ఘాటు రోడ్డు ఎక్కించేసరికి లారీ రెండుచోట్ల ఆగింది. రోడ్డు నుంచి షెడ్డు దాకా మగవాళ్ళు దాన్ని కర్రలకు కట్టి పెళ్ళికూతుర్ని మోసినట్టు మోశారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. మా అమ్మకు అది చాలలేదు. మా కొండ దేవత జాకరమ్మ పేరు చెప్పి పసుపునీళ్ళు చల్లి, కోడిని కూడా తిప్పుతానంది. టీచరమ్మ గారు పసుపు దాకా ఒప్పుకున్నారు. కోడిని మాత్రం కూర వండించారు. "రెండేపులా సెప్పించాం. ఇంక తిరక్కపోతే కరెంటోళ్ళదే తప్పు" అన్నారు.

చదివేవాళ్ళకు ఆ మిషను ఎలా ఉంటుందో చెప్పాలి. నిలువెత్తు స్తంభం, దాని నెత్తిన మోటారు. మోటారు నుంచి కిందికి పొడుగాటి ఉక్కు కడ్డీ. కడ్డీ చివర పిడికిలంత చిల్లుల గిన్నె, దాని లోపల కత్తిలాంటి రెక్క. గిన్నె నీళ్ళలో మునిగేలా దించి బొత్తాం నొక్కితే, రెక్క కిందనుంచి సరుకును లోపలికి లాగి చిల్లుల్లోంచి బయటికి విసిరికొడుతుంది. రెక్కకూ చిల్లుల అంచుకూ మధ్య గోరు పట్టేంత సందు కూడా ఉండదు. ఏ ముద్దయినా ఆ సందులో పడి తెగాల్సిందే. "ఇది కలపడం కాదే, కొయ్యడం" అని చెప్పారు టీచరమ్మ గారు. "ముద్దని పక్కకి తోస్తే తిరిగి నీ దగ్గరికే వస్తాది. కోస్తేనే దాని కడుపులోకి నీరెళ్తాది." మేము దానికి చిల్లుల మిషను అని పేరు పెట్టుకున్నాం.

మొదటి రోజు తప్పు మాత్రం ఆమెదే. ఈ సంగతి ఆమే అందరికీ చెప్పుకుని నవ్వేవారు, అందుకని రాస్తున్నాను. జిగురుతో పాటు కుంకుడు నీళ్ళు కూడా ఒకేసారి డేగిసాలో పోయించి, మిషను దించి, బొత్తాం నొక్కారు. కుంకుడు నీళ్ళను చేత్తో గిలక్కొడితేనే నురగ. ఆ రెక్క గిలక్కొడితే? డేగిసాలోంచి నురగ లేచింది, లేచి లేచి పొంగి నేల మీదికి దిగింది, మా మోకాళ్ళ దాకా వచ్చింది. మా అమ్మ "ఓలమ్మో, జాకరమ్మకి కోడి తప్పించేశారు, అందుకే!" అని బయటికి పరిగెత్తింది. టీచరమ్మ గారు నురగ మధ్యలో కళ్ళజోడు వెతుక్కుంటూ, "సైన్సు టీచరుని నాను, సైన్సు టీచరుని!" అని తనను తానే తిట్టుకున్నారు. ఆ రోజు నుంచి పద్ధతి మారింది. మిషనులో జిగురూ నీళ్ళూ మాత్రమే. కుంకుడు నీళ్ళు తర్వాత, తెడ్డుతో, జోకొడుతున్నట్టు కలపాలి.

మిషను పని చేసింది. చేయడమంటే మామూలుగా కాదు. పూటంతా తిప్పినా పోని కప్పగుడ్లు, చుట్ట కాల్చేంత సేపట్లో మాయమైపోయాయి. మేమంతా నోళ్ళు తెరుచుకుని చూశాం. అక్కడ ఆగిపోయి ఉంటే ఇంత కథ లేదు. ఆగలేదు. మా వల్ల కాలేదు.

"అప్పుడే అయిపోనాదా? అదేటి పనమ్మా? మనుషులు నవ్వుతారు" అంది మా అమ్మ. మిగతా ఆడవాళ్ళకూ అలాగే అనిపించింది. ఎంత తిప్పితే అంబలి అంత రుచి అని పుట్టినప్పటినుంచీ విన్నవాళ్ళం. చేతులు నొప్పెట్టకుండా అయిపోయిన పని మా లెక్కలో పని కాదు. పైగా చాలు అనడానికి అక్కడ అత్త ఎవరు? మిషనుకు అత్త లేదు. ఆ మోతలో వినబడకపోయినా పాటలు పాడుకుంటూ, సైగలతో కబుర్లు చెప్పుకుంటూ దాన్ని తిరగనిచ్చాం. తీరా చూస్తే డేగిసాలో జిగురు నీళ్ళయిపోయింది. చెంచా ఎత్తితే బొటబొటా కారిపోయింది. మర్నాడూ అంతే. తడి జిగురు అన్నారు కొందరు, మిషనుకు దిష్టి అన్నారు కొందరు. టీచరమ్మ గారికీ అర్థం కాలేదు. ఇక్కడ ఇంకో మాట. పట్నం నుంచి చాలా దుకాణాలకు సరుకు వేసే ఆసామి ఒకాయన, సంతరోజు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ప్రతిసారీ ఒకే చిక్కదనంతో ఇవ్వగలిగితే నెలనెలా తీసుకుంటానని మాట. ఇవ్వలేకపోతే షెడ్డు మూతే. షెడ్డు మూతపడితే నేను ఎక్కడికి పోవాలో మా అన్నయ్య ముందే చెప్పేశాడు.

మరుసటి రోజు టీచరమ్మ గారు హాస్టలు నుంచి స్టీలు పళ్ళేలు తెప్పించి బల్ల మీద వరసగా పరిచారు. మిషను తిరుగుతుండగా కాసేపటికోసారి చెంచాతో కాస్త జిగురు తీసి ఒక్కో పళ్ళెంలో పూశారు. పూసినదాని మీద చెంచా అంచుతో ఒక గీత గీశారు. మొదటి పళ్ళెంలో కప్పగుడ్లు కనబడుతున్నాయి. మూడో నాలుగో పళ్ళేల్లో గీత గీసినట్టే నిలబడింది. ఆ తర్వాతి పళ్ళేల్లో గీత కూడుకోవడం మొదలైంది. చివరిదానిలో గీసిన వెంటనే కలిసిపోయింది. ఆమె ఆ వరస వెంట అటూ ఇటూ నడిచారు. నడిచి నడిచి, స్టూలు మీద కూర్చుని, నెత్తి మీద కొట్టుకున్నారు.

"ముద్దలున్నంతసేపూ అది ముద్దల్ని కోస్తాది. ముద్దలైపోయాక మరేటి కోస్తాది? జిగురునే కోసేస్తాది! మనమే సంపుకుంటన్నాం దాన్ని, కట్టపడి సంపుకుంటన్నాం!"

ఆ రోజు నుంచి పళ్ళెం మీద గీతే మా కొలత. ఒకసారి "హల్లెలూయ, ప్రభువా నీకు స్తోత్రం" అనేంతసేపు గీత నిలవాలి. చర్చికి రాని మా అమ్మ ఆ మాట అనడానికి ఒప్పుకోలేదు. "అయితే నీ అమ్మోరి పేరే సెప్పుకో. గీతకి మతం తెలీదు" అన్నారు టీచరమ్మ గారు. అమ్మ జాకరమ్మకు దండం పెట్టుకునేది. ఇద్దరి దండమూ ఒకేసారి ముగిసేది. ఇప్పటికీ మా షెడ్డులో ఎవరి దేవుడి పేరు వాళ్ళు చెప్పుకుంటారు, సీసాలో తేడా రాదు.

కొలత దొరికింది. కానీ గీత చూసి బొత్తాం నొక్కేది ఎవరు? అందరూ టీచరమ్మ గారి వైపు చూశాం. "నా కేసి సూత్తారేటి?" అన్నారామె. "మిషను దగ్గర నిలబడ్డదే అనాల, సాలని." మా అమ్మకు అది బొత్తిగా నచ్చలేదు. "పెద్దోలు అనాల గానీ, తిప్పేదే సాలంతాదేటి? ఎక్కడన్నా ఉందా?" అంది. టీచరమ్మ గారు ఆమెకు కోపంగా చెప్పలేదు. "కుండ దగ్గర నువ్వు పెద్దదానివి వదినా. ఇక్కడ ఎవుల కళ్ళు పళ్ళెం మీదుంటే ఆళ్ళే పెద్దోళ్ళు" అన్నారు. నన్ను తీసుకెళ్ళి మిషను దగ్గర నిలబెట్టారు.

నా చెయ్యి ఎర్ర బొత్తాం దాకా వెళ్ళేది, అక్కడ ఆగిపోయేది. గీత నిలబడిందని నా కళ్ళకు తెలుస్తూనే ఉండేది. అయినా మెడ దానంతటదే వెనక్కి తిరిగేది, ఎవరైనా అంటారేమో అని. నేను అలా తిరిగినప్పుడల్లా టీచరమ్మ గారు కిటికీ వైపు మొహం తిప్పేసుకునేవారు. బయట ఏమీ ఉండేది కాదు, ఒక మేక తప్ప. ఆ మేకను ఆమె అంత శ్రద్ధగా ఎందుకు చూస్తారని నాకు ఒళ్ళు మండేది. రెండు డేగిసాలు ఆలస్యంగా ఆపి పాడుచేశాను. ఆమె మేక నుంచి కళ్ళు తిప్పలేదు.

సంతరోజు వచ్చింది. మా వైపు జీపులు తిరిగేది సంతరోజే. కాబట్టి పట్నం ఆసామీ ఆ రోజే వచ్చాడు. మా అత్తా, వాళ్ళ ఊరి పెద్దలిద్దరూ నన్ను తీసుకుపోవడానికి ఆ రోజే వచ్చారు. ఆసామి లోపల బల్ల దగ్గర కూర్చున్నాడు. అత్త వాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. మా అన్నయ్య వాళ్ళ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డేగిసా ముందు నేను. అప్పటికే మిషను తిరుగుతోంది, పొడి జల్లడం అయిపోయింది.

మా అత్త ఏదో అంటోంది. నాకు వినబడటం లేదు. చెయ్యి ఊపుతోంది, నా కూతుర్ని చూపిస్తోంది. నేను పళ్ళెంలో జిగురు పూసి గీత గీశాను, వెంటనే కూడుకుపోయింది, ఇంకా చిక్కబడలేదు. టీచరమ్మ గారి కోసం చూశాను. కిటికీ దగ్గర ఉన్నారు. మొహం బయటికే ఉంది. ఇంతమంది వచ్చి నన్ను పట్టుకుపోతుంటే ఈవిడకు మేకా? నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బహుశా ఆ కోపమే నా మెడను ముందుకు తిప్పింది. ఇంకో గీత గీశాను. కాస్త నిలిచింది. ఇంకోటి గీశాను. గుమ్మంలో అత్త మాట్లాడటం ఆపేసి నా చేతుల కేసే చూస్తోంది. ఆమె కూడా అంబలి ఇంటి మనిషే. నేను దేనికోసం చూస్తున్నానో ఆమెకు అర్థమైందనుకుంటాను. చాలు అనాల్సిన పెద్ద మనిషి ఆ గదిలో వరసకు ఆమే. ఆమె నోరు తెరిచింది కూడా.

గీత నిలబడింది. నేను ప్రభువు పేరు పూర్తిగా చెప్పుకున్నాను. ఇంకా నిలబడే ఉంది. బొత్తాం నొక్కాను.

మిషను ఆగాక వచ్చే నిశ్శబ్దం చెవులకు కొత్తగా ఉంటుంది. మా అమ్మాయి ముక్కు ఎగబీల్చడం కూడా వినబడింది.

"అత్తా," అన్నాను. "నాను రాను. నాకింక సాలు."

ఆసామి తల వంచుకుని సీసాలు చూస్తున్నట్టు నటించాడు. అత్త గడప దాటి లోపలికి వచ్చింది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. ఆమె డేగిసాలోకి వంగి, వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసింది. మళ్ళీ రుద్దింది. "ఒక్క ముద్దా లేదు" అంది. ఎవరితో అందో తెలియదు. ఆ వేలు చీర చెంగుకు తుడుచుకుని, నా కూతురి తల నిమిరి, పెద్దమనుషులతో "పదండి, జీపు ఎలిపోతాది" అంది. అంతే. మా వాళ్ళ పద్ధతి ప్రకారం విడాకులు అయిపోయాయి. నా మొగుడు తర్వాత ఇంకొకామెను చేసుకున్నాడు, బాగానే ఉన్నారు.

ఆసామి ఆ నెల నుంచీ సరుకు తీసుకున్నాడు. షెడ్డు నిలబడింది. నేనూ ఉండిపోయాను.

కొన్నాళ్ళకు గూడెం వైపు నుంచి వచ్చిన జీపులో ఒక మూట దిగింది. మా అత్త పంపిన కుంకుళ్ళు. కబురేమీ లేదు. మూట విప్పితే, అన్నీ పగలగొట్టి, గింజ తీసేసిన కాయలే. ఆ పని ఎన్ని పూటలు పడుతుందో, వేళ్ళు ఎలా పగులుతాయో మాకు తెలుసు. ఆమెకు ఎవరూ చాలు అని చెప్పి ఉండరని నాకు మొదటిసారి తోచింది ఆ కాయలు చూసినప్పుడే. ఆ తర్వాత ప్రతి ఏడూ మూట వస్తూనే ఉంది.

సంతరోజు కోపం మాత్రం నేను కొన్నాళ్ళు మోశాను. ఒకరోజు ఇద్దరం టీ తాగుతున్నప్పుడు అడిగేశాను. "ఆ రోజు నా తరఫున ఒక్క మాట అనలేకపోయారా టీచరమ్మ గారూ? మీరంటే పెద్దమనుషులు కూడా వినేవారు కదా."

ఆమె గ్లాసులో టీ కాసేపు తిప్పారు. "ఇనేవోరే," అన్నారు. "నానంటే అది నా మాటయిపోద్ది తల్లీ. రేపు నాను లేకపోతే ఆ మాట ఎవుల్ది? ఎవుల్దీ కాదు. మళ్ళీ వొచ్చి పట్టుకుపోతారు." ఒక గుక్క తాగి, "ఆ మేక నా కాళ్ళు వొణకడం సూసింది. దాన్నడుగు" అన్నారు.

అప్పుడు నేను ఏడ్చాను. ఆమె టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "బేగి లే. డేగిసా ఎండిపోతంది" అన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కలిసి పనిచేశాం. షాంపూతో పాటు అల్లం ముద్దా, చింతపండు గుజ్జూ చేశాం. ప్రతిదానికీ పళ్ళేలు పరిచి, గీతలు గీసి, ఎక్కడ ఆపాలో వెతికేవాళ్ళం. అల్లానికి ఒక చోటు, చింతపండుకు ఒక చోటు. "ఆపడం కూడా పనే. జీతం దానికే ఇస్తన్నాను" అని కొత్తగా చేరినవాళ్ళతో అనేవారు. అందరినీ వంతులవారీగా బొత్తాం దగ్గర నిలబెట్టేవారు, తాను కిటికీ దగ్గరికి పోయేవారు. మేకలు మారాయి, కిటికీ మారలేదు. మా అమ్మను కూడా ఒకసారి నిలబెట్టారు. అమ్మ బొత్తాం నొక్కి, తనే భయపడి, మళ్ళీ నొక్కేసింది. ఆ డేగిసా పోయింది. ఆ రోజు టీచరమ్మ గారు నవ్విన నవ్వుకు కళ్ళజోడు మళ్ళీ కింద పడింది.

మోకాళ్ళు బాగా పట్టేశాక కొండ ఎక్కిదిగలేక, తమ్ముడి ఇంటికి, సముద్రం పక్క ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆ స్టీలు చెంచా నాకు ఇస్తారేమో అని ఆశపడ్డాను. ఇవ్వలేదు, "నాకు అంబలి సూసుకోవద్దేటి?" అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక నేను చర్చి వెనక బండ ఎక్కి ఫోను చేసేదాన్ని. బాగున్నారా అని నేను అడగకముందే, "గీత నిలుస్తందా?" అని అడిగేవారు. నిలుస్తోందండీ అంటే, "మరింకేటి, పెట్టేయ్. బిల్లవుద్ది" అనేవారు.

భూస్థాపనకు మేమంతా వెళ్ళాం, మా అమ్మతో సహా. మా అమ్మ సముద్రం చూడటం అదే మొదలు. టీచరమ్మ గారి తమ్ముడి భార్యను పక్కకు పిలిచి, చివర్లో ఏమైనా అన్నారా అని అడిగాను. ఏదో ఒక మాట అని ఉంటారని, అది మాకు తెచ్చుకోవచ్చని నా ఆశ. "ఏమీ అనలేదమ్మా. రాత్రి అంబలి బాగుందన్నారు. నిద్రలోనే పోయారు" అందామె. మొదట కాస్త దిగులేసింది. తిరిగి కొండ ఎక్కుతుంటే, బాగానే ఉందిలే అనిపించింది. చెప్పాల్సిందంతా ఆమె బతికున్నప్పుడే, వంతులవారీగా, అందరికీ చెప్పేశారు.

ఈ బతుకు నాకు ఆమె పెట్టింది. ఇంతకంటే వంకర లేకుండా ఆ మాట ఎలా రాయాలో నాకు తెలియదు. నా కూతురు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. దానికి ఇష్టం లేని సంబంధం వస్తే నాకంటే ముందే చాలు అనేసింది, అదీ ఫోనులోనే. విని టీచరమ్మ గారు ఎంత మురిసిపోయారో!

మొదట్లో చెప్పిన సంగతి ఒకటి మిగిలిపోయింది. కబురు తెలిసిన రోజు జల్లెడలో పొడి అంతా జల్లేశానని రాశాను. ఆ తర్వాత నేను మిషను ఆపలేదు. ఆపితే ఆ నిశ్శబ్దంలో పాస్టరు గారు ఆ మాట పూర్తిగా చెబుతారు, నేను వినాల్సి వస్తుంది. అది తిరుగుతున్నంతసేపూ ఎవరూ పోలేదు. ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. నా కళ్ళకు పళ్ళెం కనబడటం లేదు.

మా అమ్మ ముందుకొచ్చింది. చెంచాతో జిగురు తీసి పళ్ళెంలో పూసి, గీత గీసింది. పెదాలు కదిలాయి, జాకరమ్మ పేరు. పళ్ళెం నా మొహం ముందుకు పట్టింది. గీత నిలబడి ఉంది. ఆమె పెద్దది, అనొచ్చు. అనలేదు. పళ్ళెం అలాగే పట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

నేను బొత్తాం నొక్కాను. రెక్క ఆగింది. డేగిసాలో జిగురు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది, మెల్లగా, మరింత మెల్లగా. మధ్యలో సుడి ఒక్కసారిగా పూడిపోలేదు, చిక్కటిది కదా, అంచుల నుంచి కొంచెం కొంచెంగా కూడుకుంటూ వచ్చింది. అది పూర్తిగా నిండి నున్నగా అయ్యేదాకా మేమెవరం కదల్లేదు. అప్పుడు పాస్టరు గారు నోరు విప్పారు.